విశ్రాంతిలో గుండె వేగం: వయసుతో మారేది, మారనిది

శరీరం కదలకుండా, మనసు కలత లేకుండా, మెలకువతో కూర్చున్న మనిషి గుండె ఒక నిమిషంలో ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఆ సంఖ్యను వైద్యశాస్త్రం విశ్రాంత హృదయ స్పందన రేటు అంటుంది. పెద్దవారిలో ఇది నిమిషానికి 60 నుంచి 100 వరకు ఉండవచ్చునని వైద్య గ్రంథాలు చెబుతాయి. 60కి తగ్గితే మంద స్పందన అనీ, 100కు మించితే శీఘ్ర స్పందన అనీ పేర్లు పెడతాయి. ఈ హద్దులు వాడుకలో సౌకర్యం కోసం ఎంచుకున్నవే గాని, హద్దు దాటిన ప్రతివారూ రోగులనీ, లోపల ఉన్న ప్రతివారూ ఆరోగ్యవంతులనీ వాటి అర్థం కాదు. వయసు పెరిగేకొద్దీ గుండె నెమ్మదిస్తుందని కొందరు, ముసలితనంలో గుండె వడిగా కొట్టుకోవడం సహజమేనని మరికొందరు నమ్ముతారు. నిజానికి పుట్టిన కొద్ది వారాల నుంచి యౌవనం దాకా ఈ వేగం క్రమంగా తగ్గుతూ వస్తుంది. యౌవనం నుంచి వార్ధక్యం దాకా, ఆరోగ్యం కుదురుగా ఉన్నంతకాలం, చెప్పుకోదగినంతగా మారదు. అయితే పైకి కనిపించే ఈ నిలకడ వెనుక రెండు పెద్ద మార్పులు జరుగుతూ, ఒకదాని ప్రభావాన్ని మరొకటి కప్పివేస్తూ ఉంటాయి. ఆ మార్పులేమిటో, వాటివల్ల వయసు మళ్ళినవారు పోగొట్టుకునేదేమిటో, నిమిషానికి ఇన్ని అనే చిన్న లెక్కను ఎలా చదువుకోవాలో వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ఆ లెక్క వెనుక ఉన్న శ్రమను గమనించాలి. పెద్దవారి గుండెలోని ఎడమ జఠరిక, అంటే శరీరమంతటికీ రక్తాన్ని నెట్టే కింది గది, ఒక్కొక్క స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని పంపుతుంది. నిమిషానికి 70 స్పందనలు అనుకుంటే, ఆ నిమిషంలో గుండె పంపే రక్తం దాదాపు 5 లీటర్లు. పెద్దవారి శరీరంలో ఉండే మొత్తం రక్తం కూడా ఇంచుమించు అంతే. ఇదే వేగంతో రోజుకు 1,00,800 స్పందనలు, ఏడాదికి 3 కోట్ల 67 లక్షలకు పైగా స్పందనలు జరుగుతాయి. ఒక స్పందనకు పంపే రక్తాన్ని నిమిషానికి జరిగే స్పందనలతో గుణిస్తే నిమిషానికి శరీరానికి అందే రక్తం ఎంతో తెలుస్తుంది. ఈ గుణకారంలో ఒకటి తగ్గితే రెండవది పెరిగి లోటు పూడ్చాలి. చిన్నపిల్లల గుండె ఎందుకు అంత వేగంగా కొట్టుకుంటుందో, క్రీడాకారుల గుండె ఎందుకు అంత నిదానంగా నడుస్తుందో తెలుసుకోవడానికి ఈ సూత్రమే ఆధారం.

గుండె కొట్టుకోవడానికి మెదడు నుంచి ఆజ్ఞ రానక్కరలేదు. కుడి కర్ణిక, అంటే కుడివైపు పై గది, గోడలో, శరీరపు పైభాగం నుంచి రక్తాన్ని తెచ్చే పెద్ద సిర వచ్చి కలిసేచోట, ప్రత్యేకమైన కణాల చిన్న గుంపు ఒకటి ఉంది. 1907లో ఇంగ్లండులో ఆర్థర్ కీత్ అనే శరీర శాస్త్రవేత్త, మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి కలిసి దీనిని గుర్తించి వర్ణించారు. దీనిని సిరాకర్ణికా కణుపు అంటారు. గుండె లయ ఇక్కడే మొదలవుతుంది గనుక లయారంభకం అని కూడా అంటారు. ఈ కణాలు తమంతట తామే కొద్దికొద్దిగా విద్యుత్తును కూడగట్టుకుని, ఒక స్థాయి చేరగానే విడుదల చేస్తాయి. ఆ విద్యుత్తరంగం ముందు కర్ణికలకూ, ఆ తరువాత జఠరికలకూ పాకి వాటిని ముడుచుకునేలా చేస్తుంది. అంటే గుండెకు తనదైన నడక ఒకటి ఉంది. నరాలు ఆ నడకను పుట్టించవు. అవసరాన్ని బట్టి దానిని హెచ్చించడమో తగ్గించడమో మాత్రం చేస్తాయి.

ఆ హెచ్చుతగ్గులను నిర్ణయించే నరాలు రెండు రకాలు. భయం, కోపం, పరుగు, బరువు మోయడం వంటి సందర్భాలలో సహానుభూత నాడీ వ్యవస్థ గుండెను త్వరపెడుతుంది. అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ అనే రసాయనాలు దానికి సాధనాలు. దానికి ఎదురుగా పనిచేసేది మెదడు అడుగుభాగం నుంచి బయలుదేరి మెడ మీదుగా ఛాతీలోకి దిగే వేగస్ నరం. 1845లో జర్మనీకి చెందిన వెబర్ సోదరులు ఈ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె నెమ్మదిస్తుందని చూపారు. ఒక నరం ఒక అవయవాన్ని ఆపగలదన్న భావన అప్పటికి కొత్తది. 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరంలో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు ఉన్న వేగస్ నరాన్ని ప్రేరేపించి, ఆ గుండె మునిగి ఉన్న ద్రవాన్ని తీసి మరో కప్ప గుండెకు అందించగా, నరం తాకని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. నరం తన పనిని ఒక రసాయనం ద్వారా చేయిస్తుందని దానితో రుజువైంది. ఆ రసాయనం అసిటైల్ కోలీన్ అని తరువాత తేలింది. ఈ కృషికి లోవీ 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. విశ్రాంతిలో ఉన్న మనిషిలో ఈ రెండు ప్రభావాలూ ఒకేసారి పనిచేస్తుంటాయి గాని, పైచేయి వేగస్ నరానిదే.

ఇక వయసు విషయానికి వస్తే, ఈ కథ పుట్టుకకు ముందే మొదలవుతుంది. గర్భం ఆరో వారం నాటికే స్కానింగులో పిండం గుండె కదలిక కనిపించవచ్చు. నెలలు నిండుతున్న శిశువు గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవడం సహజం. పుట్టిన తరువాతి మార్పులను లెక్కగట్టిన పరిశోధనలలో 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చినది ముఖ్యమైనది. 69 అధ్యయనాల నుంచి సుమారు 1,43,000 మంది పిల్లల వివరాలను క్రోడీకరించిన ఆ పరిశోధన ప్రకారం, పుట్టినప్పుడు నిమిషానికి 127 దగ్గర ఉండే మధ్యస్థ విలువ, అంటే సగం మంది పిల్లలు దానికి పైన, సగం మంది కింద ఉండే సంఖ్య, ఒక నెల వయసుకు 145కు పెరిగి, అక్కడి నుంచి దిగుతూ రెండేళ్ళ వయసుకు 113కు చేరుతుంది. బడి ఈడులో ఈ దిగుదల కొనసాగి, కౌమారం ముగిసేసరికి పెద్దవారి స్థాయికి వస్తుంది.

పసివారి గుండె ఇంత వేగంగా నడవడానికి కారణం పైన చెప్పిన గుణకారంలోనే ఉంది. చిన్న గుండె ఒక్కొక్కసారికి పంపగలిగే రక్తం కొద్ది మిల్లీలీటర్లే. ఎదిగే శరీరానికి కావలసిన ప్రాణవాయువు మాత్రం, కిలో బరువుకు ఇంత అని లెక్కిస్తే, పెద్దవారికి కావలసినదానికన్నా ఎంతో ఎక్కువ. గుండె పరిమాణాన్ని అప్పటికప్పుడు పెంచుకోలేదు గనుక వేగాన్ని పెంచుకుంటుంది. దీనికి తోడు వేగస్ నరం అదుపు పసితనంలో ఇంకా పూర్తిగా కుదురుకోదు. అందువల్ల పెద్దవారిలో ఎంతో చక్కనిదిగా భావించే సంఖ్య పురిటిబిడ్డలో ప్రమాద సూచన అవుతుంది. కాన్పు గదిలో అప్పుడే పుట్టిన శిశువు గుండె వేగం 100 కన్నా తగ్గి ఉంటే వైద్య సిబ్బంది వెంటనే శ్వాస అందించే ప్రయత్నం మొదలుపెడతారు. అదే విధంగా జ్వరంతో ఉన్న ఏడాది బిడ్డ గుండె 150 సార్లు కొట్టుకుంటున్నదని పెద్దల కొలమానంతో చూసి బెంబేలెత్తిపోనక్కరలేదు. అయితే ఆ బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, ఊపిరికి ఎగపోస్తున్నా, అంకె ఎంత ఉన్నదన్న మీమాంస మాని వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

యౌవనం దాటాక జరిగేది మరింత ఆసక్తికరమైన విషయం. నరాల ప్రభావం ఏమీ లేకుండా గుండెను దాని మానాన వదిలేస్తే ఎంత వేగంతో నడుస్తుందన్న ప్రశ్నకు జోస్, కాలిసన్ అనే పరిశోధకులు 1970లో సమాధానం ప్రచురించారు. వారు వేగస్ నరం ప్రభావాన్ని అట్రోపిన్ అనే మందుతోనూ, సహానుభూత నరాల ప్రభావాన్ని ప్రోప్రనలాల్ అనే మందుతోనూ ఒకేసారి అడ్డుకుని, మిగిలిన వేగాన్ని లెక్కించారు. దీనిని గుండె సహజ వేగం అనవచ్చు. వయసును 0.57తో గుణించి, వచ్చినదానిని 118.1 నుంచి తీసివేస్తే సగటు సహజ వేగం వస్తుందని వారు తేల్చారు. ఈ సూత్రం ప్రకారం 20 ఏళ్ళ యువకుని గుండె సహజ వేగం సుమారు 107. 70 ఏళ్ళ వృద్ధునిది సుమారు 78. ఇప్పుడు ఇద్దరూ విశ్రాంతిలో ఉన్నప్పుడు నాడి 70 పలుకుతున్నదనుకుంటే, యువకునిలో నరాలు, ముఖ్యంగా వేగస్ నరం, 37 స్పందనలను తగ్గించి పట్టి ఉంచుతున్నాయి. వృద్ధునిలో 8 స్పందనలను మాత్రమే తగ్గిస్తున్నాయి.

పడుచు గుర్రాన్ని బిగువైన కళ్ళెంతో నడిపించినా, ముసలి గుర్రాన్ని కళ్ళెం సడలించి నడిపించినా, దారి పక్కన నిలబడి చూసేవారికి రెండింటి నడకా ఒకటిగానే కనిపించవచ్చు. గుండె విషయంలో జరిగేదీ ఇదే. ఏళ్ళు గడిచేకొద్దీ లయారంభక కణాల సంఖ్య తగ్గుతూ, వాటి మధ్య పీచు కణజాలం, కొవ్వు పేరుకుంటాయి; అందువల్ల సహజ వేగం పడిపోతుంది. అదే కాలంలో వేగస్ నరం పట్టు కూడా సడలుతుంది. ఈ సడలింపును నాడిలోనే గమనించవచ్చు. పిల్లలలోనూ యువకులలోనూ ఊపిరి లోపలికి పీల్చినప్పుడు నాడి కొద్దిగా వడిగానూ, వదిలినప్పుడు నిదానంగానూ నడుస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ 1847లోనే నమోదు చేసిన ఈ హెచ్చుతగ్గు వ్యాధి కాదు, వేగస్ నరం చురుకుగా ఉన్నదనడానికి గుర్తు. వయసు పెరిగేకొద్దీ ఇది సన్నగిల్లి, నాడి ఒకే తీరుగా సాగుతుంది.

విశ్రాంతి వేగం మారకపోయినా, గుండె అందుకోగల గరిష్ఠ వేగం వయసుతో తప్పనిసరిగా తగ్గుతుంది. శక్తి కొద్దీ శ్రమించినప్పుడు గుండె చేరగల అత్యధిక వేగాన్ని అంచనా వేయడానికి 220 నుంచి వయసును తీసివేయాలన్న సూత్రం 1970ల నుంచి వ్యాయామశాలలలో విరివిగా వాడుకలో ఉంది. 2001లో తనాకా, ఆయన సహచరులు 351 అధ్యయనాలను పరిశీలించి, వయసును 0.7తో గుణించి 208 నుంచి తీసివేయడం మరింత సరైనదని చూపారు. ఏ సూత్రమైనా సగటును చెబుతుందే గాని, ఒక వ్యక్తి విషయంలో పదీ పన్నెండు స్పందనలు అటూ ఇటూ కావచ్చు. రెండవ సూత్రం ప్రకారం 20 ఏళ్ళ వయసులో గరిష్ఠ వేగం 194. 70 ఏళ్ళ వయసులో 159. అడ్రినలిన్ వంటి రసాయనాలు పిలిచినప్పుడు గుండె పలికే తీరు మందగించడం ఈ తగ్గుదలకు ఒక ముఖ్య కారణం. విశ్రాంతి వేగానికీ గరిష్ఠ వేగానికీ మధ్య ఉన్న దూరాన్ని స్పందన నిల్వ అనవచ్చు. ఇద్దరికీ విశ్రాంతి వేగం 70 అనుకుంటే, యువకుని నిల్వ 124, వృద్ధునిది 89.

కాబట్టి వయసు మనిషి దగ్గర నుంచి తీసుకునేది ఈ నిల్వను. కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ లోటు తెలియదు. తిరుమలకు అలిపిరి మెట్లెక్కుతున్నప్పుడో, నిమోనియా వచ్చినప్పుడో, పెద్ద శస్త్రచికిత్స జరిగినప్పుడో, గుండె మీద ఒక్కసారిగా భారం పడినప్పుడే బయటపడుతుంది. అయినా ఆరోగ్యవంతమైన వృద్ధుల గుండె చేతులు ముడుచుకుని కూర్చోదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1958 నుంచి సాగుతున్న వార్ధక్య అధ్యయనంలో భాగంగా 1984లో వెలువడిన పరిశోధన, గుండె జబ్బులేమీ లేని పెద్దవారు వ్యాయామం చేసేటప్పుడు స్పందనల కొరతను ఒక్కొక్క స్పందనకు ముందు జఠరికను ఎక్కువగా నింపుకోవడం ద్వారా పూడ్చుకుంటారని చూపింది. అలా నింపుకోవడానికి వ్యవధి కావాలి. అందుకే వృద్ధులలో విపరీతమైన వేగం యువకులలో కన్నా త్వరగా ఆయాసానికీ, రక్తపోటు పడిపోవడానికీ దారి తీస్తుంది.

నాడిని చూడడం ఎంత పాతదో, లెక్కించడం అంత పాతది కాదు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో హీరోఫిలస్ అనే వైద్యుడు నీటి గడియారంతో నాడిని కొలిచాడని చెబుతారు. భారతదేశంలో శార్ఙ్గధర సంహిత నాడి నడకను వాతంలో జలగతోనూ పాముతోనూ, పిత్తంలో కాకితోనూ కప్పతోనూ, కఫంలో హంసతోనూ పావురంతోనూ పోల్చింది. అక్కడ వైద్యుడు పట్టించుకున్నది నడక తీరును. ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక నిమిషం నడిచే గడియారాన్ని చేయించి, 1707లో దాని ఉపయోగాన్ని వివరిస్తూ పుస్తకం ప్రచురించాడు. నాడికి తీరు, లెక్క అనే రెండు ముఖాలున్నాయని ఈ చరిత్ర గుర్తుచేస్తుంది. వార్ధక్యంలో ఈ రెండూ సమానంగా అవసరమని ముందుముందు తేలుతుంది.

సరైన లెక్క కోసం ఉదయం నిద్ర లేచాక, కాఫీ టీలు తాగకముందు, అయిదు నిమిషాలు స్థిమితంగా కూర్చుని నాడి చూడడం మంచిది. మణికట్టు దగ్గర, బొటనవేలి మొదలుకు దిగువన, చూపుడువేలు, నడిమివేలు మెత్తగా ఆనించి, 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేయాలి. నడక క్రమం తప్పినట్టు తోస్తే నిమిషం నిండా లెక్కించాలి. బొటనవేలితో చూస్తే దానిలోని నాడే చేతికి తగిలి లెక్క తప్పే ప్రమాదముంది. మెడ దగ్గర చూసేటప్పుడు రెండువైపులా ఒకేసారి నొక్కకూడదు. ఇళ్ళలో వాడే బీపీ యంత్రం తెరపై రక్తపోటు అంకెల కింద కనిపించే మూడో అంకె నాడి వేగమే. కోవిడ్ కాలంలో ఇంటింటికీ పరిచయమైన పల్స్ ఆక్సీమీటరులోనూ ఆక్సిజన్ శాతం పక్కన ఇదే కనిపిస్తుంది. స్మార్ట్ చేతి గడియారాలు చర్మంలోకి వెలుగును పంపి, రక్తం పొంగినప్పుడల్లా వెనక్కి వచ్చే వెలుగులో కలిగే మార్పును బట్టి లెక్క కడతాయి. ఒక్కరోజు లెక్క మీద ఆధారపడకుండా, వారం రోజుల సగటును సొంత అంకెగా రాసి పెట్టుకోవడం ఉత్తమం.

సొంత అంకె అన్న మాటకు బలమైన ఆధారం ఉంది. చేతి పరికరాలు ధరించిన 92,457 మంది అమెరికన్ల వివరాలను విశ్లేషించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సగటు విశ్రాంతి వేగం నిమిషానికి 65గా తేలింది. కాని వ్యక్తికీ వ్యక్తికీ మధ్య తేడా చూస్తే అది 40 నుంచి 109 వరకు పరచుకుని ఉంది. ఒకరికి సహజమైన అంకె మరొకరికి ఎంతో దూరంలో ఉండవచ్చునన్న మాట. స్త్రీలలో సగటు వేగం పురుషుల కన్నా కొద్దిగా ఎక్కువ. వారి గుండె పరిమాణం కొంత చిన్నదిగా ఉండడం దీనికి ఒక కారణం. క్రమం తప్పకుండా పరుగు, ఈత, సైకిలు వంటి వ్యాయామాలు చేసేవారి గుండె ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తం పంపగలదు గనుక, విశ్రాంతిలో 50కి, సుశిక్షితులలో 40కి సమీపంగా కూడా నడవవచ్చు. వ్యాయామం ప్రభావం వేగస్ నరం మీదనే గాక, లయారంభక కణాల మీద కూడా నేరుగా పడుతుందని జంతువులలో జరిగిన ప్రయోగాలు సూచించాయి.

ఈ సొంత అంకెను కదిలించే కారణాలు అనేకం. జ్వరంలో శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె వేగం సుమారు 10 స్పందనలు పెరుగుతుంది. టైఫాయిడ్‌లో మాత్రం జ్వరానికి తగినంతగా నాడి పెరగకపోవడం వైద్యులకు చిరకాలంగా తెలిసిన లక్షణం. గర్భిణులలో నెలలు నిండేకొద్దీ 10 నుంచి 20 స్పందనల పెరుగుదల సహజం. ఎండ దెబ్బ వల్ల ఒంట్లో నీరు తగ్గినా, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా వేగం పెరుగుతుంది. ఆ గ్రంథి మందగిస్తే తగ్గుతుంది. రక్తహీనతలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటుంది గనుక, ఆ కొరతను పూడ్చడానికి గుండె అదనపు స్పందనలు చేస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. కాబట్టి తెలుగు ఇళ్ళలో ఒక స్త్రీ కారణం తెలియని ఆయాసంతోనో గుండెదడతోనో బాధపడుతుంటే, అది బలహీనతేనని సరిపెట్టకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం అవసరం.

మందుల ప్రభావం వృద్ధులలో ప్రత్యేకంగా గమనించదగినది. రక్తపోటుకు, గుండె జబ్బుకు వాడే అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మందులు అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుని వేగాన్ని తగ్గిస్తాయి. గ్లకోమా అనే కంటి జబ్బుకు వాడే టిమొలాల్ చుక్కలు కూడా రక్తంలో కలిసి అదే పని చేయగలవు. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ వేగాన్ని పెంచుతుంది. బీటా బ్లాకర్లు వాడేవారిలో జ్వరం వచ్చినా, లోపల రక్తస్రావం జరిగినా నాడి పెరగవలసినంత పెరగకపోవచ్చు. అటువంటప్పుడు నాడి 76 మాత్రమే ఉన్నదని నిశ్చింతగా ఉండడం పొరపాటు అవుతుంది.

విశ్రాంతిలో వేగం ఎక్కువగా ఉండడానికీ, భవిష్యత్తులో గుండె జబ్బు రావడానికీ సంబంధం ఉన్నదా అన్న ప్రశ్న మీద దశాబ్దాల పరిశోధన జరిగింది. పారిస్‌లో ఉద్యోగాలు చేసే 5,713 మంది నడివయసు పురుషులను దాదాపు 23 ఏళ్ళు గమనించి 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, విశ్రాంతి వేగం 75 కన్నా ఎక్కువ ఉన్నవారిలో గుండెపోటుతో ఆకస్మిక మరణం సంభవించే అవకాశం హెచ్చు. శ్రమలో వేగం తగినంతగా పెరగనివారిలోనూ, శ్రమ ఆగిన నిమిషంలో వేగం తగినంతగా దిగనివారిలోనూ కూడా ఆ అవకాశం హెచ్చుగానే ఉంది. నార్వేలో సుమారు పదేళ్ళ వ్యవధిలో రెండుసార్లు నాడి లెక్కించి 2011లో ప్రకటించిన అధ్యయనం మరో విలువైన సంగతి తెలిపింది: మొదట 70 లోపు ఉండి తరువాత 85 దాటినవారిలో, రెండుసార్లూ 70 లోపే ఉన్నవారితో పోలిస్తే, గుండెకు రక్తం చాలకపోవడం వల్ల కలిగే మరణాలు దాదాపు రెట్టింపు.

అయితే అంకెను మందుతో దింపినంత మాత్రాన ప్రమాదం తప్పుతుందని భావించరాదు. ఐవాబ్రడీన్ అనే మందు లయారంభక కణాల వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది. 2010లో వెలువడిన పరీక్షలో, గుండె కండరం బలహీనపడి నాడి 70 లేదా అంతకు మించి ఉన్న రోగులకు అది మేలు చేసింది. 2014లో వెలువడిన మరో పరీక్షలో, గుండె ధమనుల జబ్బు ఉన్నా కండరం బలహీనపడని 19,000 మందికి పైగా రోగులలో అది మరణాలను గాని గుండెపోట్లను గాని తగ్గించలేదు. వేగంగా కొట్టుకునే నాడి చాలా సందర్భాలలో లోపలి అస్వస్థతకు గుర్తు. గుర్తును చెరిపివేస్తే అస్వస్థత పోదు. నడక, వ్యాయామం, పొగ మానడం, చాలినంత నిద్ర, బరువు అదుపు అనేవి మూలాన్ని సరిచేస్తాయి గనుక, వాటితో తగ్గే అంకెకు అర్థం ఉంటుంది.

వార్ధక్యంలో లెక్కతో పాటు లయను కూడా చూడాలని పైన సూచించడానికి కారణం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బు. దీనిలో కర్ణికలు క్రమంగా ముడుచుకోవడం మాని అదురుతూ ఉంటాయి. నాడి ఏ క్రమానికీ లొంగకుండా, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, ఒకసారి బలంగా, ఒకసారి బలహీనంగా తగులుతుంది. కొన్ని స్పందనలు మణికట్టు దాకా చేరవు గనుక చేతి దగ్గర లెక్క అసలు వేగం కన్నా తక్కువగా రావచ్చు. అదిరే కర్ణికలలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచి సాగుతున్న అధ్యయనం ఆధారంగా, 40 ఏళ్ళు దాటినవారిలో నలుగురిలో ఒకరికి మిగిలిన జీవితకాలంలో ఈ జబ్బు రావచ్చునని 2004లో అంచనా కట్టారు. దీనిని ఈసీజీ పరీక్ష నిర్ధారిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు పక్షవాతాన్ని చాలావరకు నివారిస్తాయి.

మరోవైపు, లయారంభకం మరీ బలహీనపడినా, విద్యుత్తరంగం దారిలో ఆగిపోయినా వేగం 40కి, 30కి పడిపోయి, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం జరుగుతాయి. దీనికి విరుగుడుగా శరీరంలో పూర్తిగా అమర్చిన తొలి పేస్‌మేకరును 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో రూనె ఎల్మ్‌క్విస్ట్ తయారు చేయగా, ఆకె సెనింగ్ అనే సర్జన్ అమర్చాడు. మొదటి పరికరం కొద్ది గంటలే పనిచేసినా, దానిని పొందిన ఆర్నె లార్సన్ ఆ తరువాత ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు జీవించాడు. కాబట్టి వృద్ధులలో మంద స్పందన ముసలితనపు సహజ లక్షణమని వదిలేయదగినది కాదు. ఏ ఇబ్బందీ లేకుండా 54 ఉన్న నాడి నిరపాయం కావచ్చు. అదే 54తో పాటు కళ్ళు తిరుగుతుంటే పరీక్ష తప్పదు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరి అందకపోవడం తోడైతే లెక్కలతో కాలయాపన చేయకుండా 108కు ఫోన్ చేయాలి.

పై విషయాలన్నింటినీ కూర్చి చూస్తే, వయసుకు ఇంత నాడి అని రాసిన పట్టిక పసివారికి తప్పనిసరి, పెద్దవారికి స్థూలమైన ఆధారం మాత్రమే అని తేలుతుంది. 30 ఏళ్ళు దాటిన ఎవరైనా తమ విశ్రాంతి వేగం ఎంతో, లయ క్రమంగా ఉన్నదో లేదో, మెట్లెక్కి ఆగిన నిమిషం తరువాత నాడి ఎంత దిగుతున్నదో అప్పుడప్పుడు చూసి తేదీతో సహా రాసి ఉంచుకుంటే, మిగిలిన జీవితానికి అది కొలబద్దగా పనికివస్తుంది. ఏ జ్వరమూ, ఆందోళనా, మందు మార్పూ లేకుండా ఆ సొంత అంకె పది పదిహేను స్పందనలు జరిగి, వారాల తరబడి అక్కడే నిలిస్తే, హద్దులైన 60, 100 మధ్యనే ఉన్నా కారణం వెతకాలి. వైద్యుని ముందు కూర్చున్నప్పుడు నాడి ఇవాళ 84 ఉన్నదని చెప్పడం కన్నా, ఏళ్ళ తరబడి 66 దగ్గర ఉన్న నాడి నెల రోజులుగా 84 దగ్గర నిలిచిందని చెప్పగలగడం రోగ నిర్ధారణకు ఎన్నో రెట్లు ఎక్కువ తోడ్పడుతుంది.